కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పాత కాగితాలు వెతకడం ఎలా? విజయవాడ, గుంటూరు పరిశోధకులకు

కేంద్రంలో సాంస్కృతిక మంత్రిత్వ శాఖ విడిగా స్థిరపడింది 2004లో. నాగార్జునకొండలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలైంది 1954లో. ఈ యాభై ఏళ్ల కాగితాల కోసం ‘సాంస్కృతిక మంత్రిత్వ శాఖ’ అని టైపు చేసి వెతికితే చేతికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. కాగితాలు లేక కాదు, అవన్నీ వేరే పేర్ల కింద ఉన్నాయి. నాగార్జున విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవారైనా, ఉండవల్లి గుహల మీదో అమరావతి స్తూపం మీదో స్థానిక చరిత్ర రాసేవారైనా ముందు పట్టుకోవాల్సింది ఇదే: శాఖ పేరు వెంట పోకూడదు, విషయం వెంట పోవాలి. పురావస్తువు, అకాడమీలు, మ్యూజియాలు, ఆర్కైవ్స్, గ్రంథాలయాలు అనే విషయాలు నిలకడగా ఉన్నాయి. వాటిని చూసే శాఖల పేర్లే మారుతూ వచ్చాయి.

ముందు ఒక పేజీ పట్టిక

వెతుకులాట మొదలుపెట్టక ముందే తెల్ల కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: ఏ తేదీ నుంచి, మంత్రిత్వ శాఖ పేరు, అందులో సంస్కృతి ఏ హోదాలో ఉంది. స్థూలంగా పట్టిక ఇలా ఉంటుంది.

1947 ఆగస్టు నుంచి విద్యా మంత్రిత్వ శాఖ, మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. సంస్కృతికి విడి విభాగం లేదు, విద్యలో ఒక భాగం. 1957లో ఆ పేరు ‘విద్య, శాస్త్రీయ పరిశోధన’ అయింది. 1958 ఏప్రిల్ 10న అది రెండుగా చీలింది. ఒకటి విద్య, రెండోది ‘శాస్త్రీయ పరిశోధన, సాంస్కృతిక వ్యవహారాలు’. హుమాయూన్ కబీర్ చూసింది ఈ రెండోదాన్నే. 1963లో అది మళ్లీ విద్యలో కలిసిపోయింది. 1969లో ‘విద్య, యువజన సేవలు’. 1971లో ‘విద్య, సాంఘిక సంక్షేమం’ అయినప్పుడే దానిలో సంస్కృతి విభాగం విడిగా ఏర్పడింది. 1977లో శాఖ పేరులోకే సంస్కృతి వచ్చి చేరింది: ‘విద్య, సాంఘిక సంక్షేమం, సంస్కృతి’. 1980ల మొదట్లో ‘విద్య, సంస్కృతి’. 1985 సెప్టెంబరు 26న మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ పుట్టింది, మంత్రి మన పీవీ నరసింహారావు. సంస్కృతి అందులో ఒక విభాగం. 1999 అక్టోబరులో అది మానవ వనరుల నుంచి బయటికి వచ్చి యువజన వ్యవహారాలు, క్రీడలతో కలిసింది. ఆ తర్వాత పర్యాటకంతో జతపడి, 2004లో విడిపోయింది.

ఈ పట్టికలో ఎక్కువమంది వదిలేసేది 1958–63 గడి. అయిదేళ్లే కదా అనిపిస్తుంది. కానీ పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం వచ్చింది 1958 ఆగస్టు 28న, అమల్లోకి వచ్చింది 1959 అక్టోబరు 15న. అంటే ఇవాళ మొగల్రాజపురం గుహలనో అక్కన్న మాదన్న గుహలనో కాపాడుతున్న చట్టం మొదటి ఏళ్లలో ఈ మంత్రిత్వ శాఖ చేతి మీదుగానే నడిచింది. ఆ గడి లేని పట్టికతో పురావస్తు చరిత్ర రాయడం కుదరదు.

ఏ మార్పునైనా నిర్ధారించేది గెజిట్

మంత్రిత్వ శాఖల పేర్లు పత్రికా ప్రకటనలతో మారవు. రాజ్యాంగం 77(3) అధికరణం కింద 1961లో వచ్చిన ‘భారత ప్రభుత్వ అలొకేషన్ ఆఫ్ బిజినెస్ రూల్స్’ని రాష్ట్రపతి పేరుతో సవరించినప్పుడే మారతాయి. ఈ నియమాల్లో మొదటి షెడ్యూలు మంత్రిత్వ శాఖల, విభాగాల జాబితా. రెండో షెడ్యూలు ఏ విభాగానికి ఏ పని అన్న జాబితా. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. మీకు అసలు కావాల్సింది రెండోది: శాఖ పేరు మారకపోయినా ఒక సంస్థను ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మార్చిన సంగతి అక్కడే తెలుస్తుంది.

సవరణలు కేబినెట్ సచివాలయం నుంచి, భారత గెజిట్ అసాధారణ సంచికలో, రెండో భాగం, మూడో సెక్షన్, రెండో ఉపసెక్షన్ కింద ఎస్.ఓ. (చట్టబద్ధ ఉత్తర్వు) నంబరుతో వస్తాయి. ఈ-గెజిట్ సైటులో వెతికేటప్పుడు సంస్కృతి అని కాకుండా కేబినెట్ సచివాలయం అని ఎంచుకోవాలి. నోటిఫికేషన్ ఇచ్చేది మారే శాఖ కాదు కాబట్టి, సంస్కృతి అని వెతికినవారికి అది కనపడదు. ప్రతి సవరణకూ వరుస సంఖ్య ఉంటుంది. మానవ వనరుల శాఖను తెచ్చింది 174వ సవరణ. పట్టికలో తేదీ పక్కన ఈ సంఖ్య కూడా రాసుకుంటే తర్వాత ఎవరు అడిగినా చూపించవచ్చు. 1999–2004 మధ్య మార్పులు వెంటవెంటనే వచ్చాయి. ఆ అయిదేళ్లకు తేదీలను గెజిట్ నుంచే ఎత్తి రాసుకోండి, విజ్ఞాన సర్వస్వాల మీద ఆధారపడకండి. 1961కి ముందు ఈ నియమాలు లేవు కాబట్టి, అప్పటి మార్పులకు శాఖల వార్షిక నివేదికలు, సాధారణ గెజిట్ చూడాలి.

గెజిట్ దొరకకముందు తేదీ అంచనాకు పాత దినపత్రికలు బాగా పనికొస్తాయి. ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసిన పాత ఆంధ్రపత్రిక సంచికలు ఇంట్లోంచే చూడవచ్చు. గుంటూరు అన్నమయ్య గ్రంథాలయంలోనూ, విజయవాడ రామమోహన గ్రంథాలయంలోనూ ఏ ఏళ్ల సంచికలు ఉన్నాయో అడిగి తెలుసుకోండి. పత్రికను ఆచూకీగా వాడండి, ఆధారంగా కాదు.

మంత్రి ఒకరే అయినంత మాత్రాన శాఖ ఒకటి కాదు

ఒకే వ్యక్తి చేతిలో రెండు మంత్రిత్వ శాఖలుంటే వాటిని ఒకటిగా రాసేయడం మన వార్తల్లో మామూలే. 2004లో ఎస్.జైపాల్ రెడ్డి దగ్గర సమాచార ప్రసారాలు, సంస్కృతి రెండూ ఉన్నాయి. అవి రెండు శాఖలు. 2021 నుంచి 2024 వరకు జి.కిషన్ రెడ్డి పర్యాటకం, సంస్కృతి చూశారు, అప్పటికీ అవి రెండు శాఖలే. 2012 అక్టోబరులో మాత్రం పర్యాటకం చిరంజీవికి, సంస్కృతి చంద్రేశ్ కుమారీ కటోచ్‌కి వెళ్లాయి. ఆ కాలానికి పర్యాటక శాఖకు వేసిన పార్లమెంటు ప్రశ్నల్లో సంస్కృతి జవాబు కోసం చూస్తే దొరకదు. దీనికి పరీక్ష సులువు: అలొకేషన్ ఆఫ్ బిజినెస్ రూల్స్ మొదటి షెడ్యూలులో అది విడి మంత్రిత్వ శాఖగా ఉందా? ఉంటే అది విడి శాఖ.

పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలకూ ఇదే జాగ్రత్త కావాలి. మానవ వనరుల కింద ఉన్న కాలానికి ఆ సంఘం నివేదికలు చూడాలి. 2004 తర్వాతివి రవాణా, పర్యాటక, సాంస్కృతిక సంఘం దగ్గర ఉంటాయి. మానవ వనరుల వార్షిక నివేదికల్లో సంస్కృతి విభాగం విడి భాగంగా వచ్చేది. విద్య భాగం ఒక్కటే చూసి ‘ఈ ఏడాది సంస్కృతి గురించి ఏమీ లేదు’ అనుకోకండి.

ఫైలు నంబరు చదవడం

సాహిత్య అకాడమీని ఏర్పరచిన తీర్మానం సంఖ్య ఎఫ్-6-4/51జి2(ఎ). దీన్ని ముక్కలు చేసి చూడండి. 6 అన్నది ఆ సెక్షన్‌లో (శాఖలోని చిన్న కార్యాలయ విభాగంలో) ఆ తరహా పనికి పెట్టుకున్న శీర్షిక సంఖ్య. 4 దాని కింద వరుస సంఖ్య. 51 అంటే ఫైలు తెరిచిన ఏడాది, 1951. చివరిది సెక్షన్ గుర్తు. తీర్మానం వచ్చింది మాత్రం 1952 డిసెంబరులో. తీర్మానం తేదీ తెలుసు కదా అని 1952 ఫైళ్లలో వెతికితే ఇది తగలదు. అందుకే ఏ ఉత్తర్వుకైనా తేదీకి కనీసం రెండేళ్లు వెనక నుంచి వెతకాలి.

సంస్థలకు ‘పుట్టిన తేదీ’ కూడా ఒక్కటి ఉండదు. సాహిత్య అకాడమీ తీర్మానం 1952 డిసెంబరు, ప్రారంభోత్సవం 1954 మార్చి 12, సొసైటీగా నమోదు 1956 జనవరి 7. సంగీత నాటక అకాడమీకి తీర్మానం 1952 మే 31, ప్రారంభం 1953 జనవరి 28, నమోదు 1961. రెండు పుస్తకాల్లో రెండు తేదీలు కనిపిస్తే ఒకటి తప్పని కొట్టేయకండి. ఏది ఏ ఘట్టమో పక్కన రాసుకోండి. నమోదుకు ముందు అకాడమీ ఉత్తరాలు నేరుగా శాఖ ఫైళ్లలో ఎక్కువగా దొరుకుతాయి. నమోదు తర్వాత సంస్థ సొంత రికార్డులు మొదలవుతాయి.

నాగార్జునకొండ ఫైళ్లు: ఒక ఉదాహరణ

నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు ఇక్ష్వాకుల రాజధానిని తవ్వి తీశారు. ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే దారి తెలిసిపోతుంది. 1954–57 ఫైళ్లు విద్యా మంత్రిత్వ శాఖవి, తర్వాతి ఏడాది ‘విద్య, శాస్త్రీయ పరిశోధన’వి, 1958 ఏప్రిల్ నుంచి ‘శాస్త్రీయ పరిశోధన, సాంస్కృతిక వ్యవహారాలు’వి. ఇవి గాక పురావస్తు సర్వే సొంత ఫైళ్లు వేరుగా ఉంటాయి. డ్యామ్ వైపు ఉత్తరాలు నీటిపారుదల శాఖవి.

జాతీయ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఖాతా తెరిచి, ముందు మంత్రిత్వ శాఖ, తర్వాత ఏడాది, ఆ తర్వాతే ఊరి పేరు పెట్టి వెతకండి. ఊరి పేరుతో మొదలుపెడితే స్పెల్లింగు దగ్గరే బండి ఆగిపోతుంది. నాగార్జునకొండను పాత కాగితాల్లో నాగార్జునికొండ అని రాశారు. విజయవాడ కోసం ఇంగ్లిషులో ‘బెజ్వాడ’ అని కొట్టాలి. 1953 అక్టోబరు 1కి ముందు అయితే రాష్ట్రం మద్రాసు, 1956 నవంబరు 1 వరకు ఆంధ్ర, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్. జిల్లా గడిలో కూడా జాగ్రత్త: 2022 ఏప్రిల్ 4 నుంచి నాగార్జునకొండ, అమరావతి పల్నాడు జిల్లాలో ఉన్నాయి, ఉండవల్లి గుంటూరు జిల్లాలోనే ఉంది. పాత ఫైళ్లన్నిటికీ గుంటూరు అనే వెతకాలి.

జాబితాలో పేరు కనిపించి స్కాన్ లేకపోతే నిరాశ పడకండి. ఫైలు ఉంది, డిజిటల్ కాలేదంతే. ఫైలు సంఖ్య, ఏడాది, సెక్షన్ మూడూ రాసి ఆర్కైవ్స్‌కు అభ్యర్థన పెట్టవచ్చు. ఢిల్లీ వెళ్లేట్టయితే గుర్తింపు కార్డు, గైడు సంతకంతో పరిచయ లేఖ దగ్గరుంచుకోండి. పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993 ప్రకారం పాతికేళ్లు దాటిన రికార్డుల్లో శాశ్వత విలువ ఉన్నవి ఆర్కైవ్స్‌కు రావాలి. అన్నీ రాలేదు. రానివి శాఖల రికార్డు గదుల్లోనే ఉండొచ్చు.

పేర్లు మారినా డబ్బు పద్దు అంతగా మారదు

శాఖల పేర్లతో తల తిరిగినప్పుడు బడ్జెట్ పత్రాలు పట్టుకోండి. కళలు, సంస్కృతికి రెవెన్యూ వ్యయం మేజర్ హెడ్ (ప్రధాన పద్దు) 2205. దాని కింద 103 పురావస్తువు, 104 ఆర్కైవ్స్, 105 ప్రజా గ్రంథాలయాలు, 107 మ్యూజియాలు. మూలధన వ్యయం 4202 కింద, విద్య, క్రీడలతో కలిసి ఉంటుంది. అక్కడ మొత్తాన్ని ఎత్తి సంస్కృతి ఖర్చుగా రాస్తే లెక్క ఘోరంగా తప్పుతుంది. ఈ నాలుగంకెల పద్దులు 1987 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. అంతకుముందు కళలు, సంస్కృతి మూడంకెల పద్దు 278. డిమాండ్ నంబరును (బడ్జెట్‌లో ఒక్కో శాఖ ఖర్చు పద్దుకు ఇచ్చే సంఖ్యను) మాత్రం ఏళ్ల తరబడి వాడకండి, అది ఏటా మారొచ్చు.

ఇదే 2205 రాష్ట్ర బడ్జెట్‌లోనూ ఉంటుంది. విజయవాడ బాపూ మ్యూజియం, గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియం, కొండపల్లి కోట రాష్ట్ర పురావస్తు శాఖవి. ఉండవల్లి, అమరావతి మ్యూజియం, నాగార్జునకొండ కేంద్రానివి. భాషా సాంస్కృతిక శాఖ కూడా రాష్ట్రానిదే. ఈ తేడా ముందే తేల్చుకోకపోతే నెలల పని తప్పు కార్యాలయం చుట్టూ తిరగడానికే సరిపోతుంది.

సంస్కృతి అనిపించినా అక్కడ ఉండనివి

తెలుగుకు ప్రాచీన హోదా ఇచ్చింది 2008 అక్టోబరు 31న. ఆ హోదా వ్యవహారం సాంస్కృతిక మంత్రిత్వ శాఖది, భాషా నిపుణుల సంఘం సాహిత్య అకాడమీ కింద పనిచేసింది. కానీ నెల్లూరులోని ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు భారతీయ భాషల సంస్థ ద్వారా విద్యా శాఖ వైపు నడుస్తుంది. హోదా ఫైలు ఒక చోట, నిధుల ఫైలు ఇంకో చోట. నేషనల్ బుక్ ట్రస్టు విద్య దగ్గరే ఉంది. 1950లో ఆజాద్ స్థాపించిన సాంస్కృతిక సంబంధాల మండలి విదేశాంగ శాఖది.

సమాచార హక్కు దరఖాస్తు

ఇదంతా చేశాకే దరఖాస్తు పెట్టండి. ‘మీ శాఖ చరిత్ర తెలపండి’ అని రాస్తే, అలాంటి సంకలనం మా దగ్గర లేదన్న జవాబు వస్తుంది, అది చట్టప్రకారం సరైన జవాబే. కాగితాన్ని అడగాలి: ఫలానా తేదీ, ఫలానా సంఖ్య తీర్మానం నకలు, లేదా ఫలానా ఏళ్ల ఫలానా సెక్షన్ ఫైళ్ల జాబితా, ఆర్కైవ్స్‌కు పంపిన ఫైళ్ల జాబితా. చివరిది తప్పకుండా అడగండి. ఫైలు శాఖలో ఉందో ఆర్కైవ్స్‌లో ఉందో తేల్చేది అదే.

రుసుము 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. తప్పు శాఖకు పెడితే 6(3) కింద 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. పురావస్తు సర్వేకు, ఆర్కైవ్స్‌కు, ఒక్కో అకాడమీకి సొంత సమాచార అధికారులున్నారు కాబట్టి నేరుగా వాళ్లకే పెడితే ఆ రోజులు కలిసొస్తాయి. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారానికి చాలా మినహాయింపులు వర్తించవని 8(3) చెబుతుంది; పాత ఫైలు అడిగేటప్పుడు ఆ సెక్షన్‌ను దరఖాస్తులోనే ప్రస్తావించండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండోది. వచ్చిన నకలు మీద ఫైలు సంఖ్య, పేజీ సంఖ్య కనిపిస్తున్నాయో లేదో అందుకున్న రోజే చూసుకోండి. జెరాక్సులో అంచు తెగి అవి పోతుంటాయి, అప్పుడు ఆ కాగితాన్ని ఎక్కడా ఆధారంగా చూపలేరు.