స్టెబిలైజర్ తీసేసి గీసి చూడండి: డిజిటల్ బొమ్మలకు కాగితం మీద సాధన

టాబ్లెట్ మీద బొమ్మలు వేసేవాళ్లు ముందుగా ఓ చిన్న పరీక్ష పెట్టుకోవాలి. క్రిటాలో బ్రష్ స్మూతింగ్, ప్రొక్రియేట్‌లో స్ట్రీమ్‌లైన్, క్లిప్ స్టూడియోలో స్టెబిలైజేషన్, చెయ్యి వణికినా గీతను నున్నగా సరిచేసే ఈ స్టెబిలైజర్లలో మీరు వాడేది ఏదైతే దాన్ని సున్నాకు తెచ్చేయండి. అన్‌డూ నొక్కకుండా ఎడమచెయ్యి కీబోర్డు మీంచి తీసేయండి. ఇప్పుడు అడ్డంగా పది గీతలు, పక్కనే పది సున్నాలు. గీతలు వణికి, సున్నాల మూతి కలవకపోతే ఇన్నాళ్లూ మీ లోపాన్ని సాఫ్ట్‌వేరు కప్పిపెడుతూ వచ్చిందన్నమాట. స్టెబిలైజర్ వాడటం తప్పేం కాదు, ఫైనల్ లైన్‌ఆర్ట్‌కు, అంటే స్కెచ్ మీద శుభ్రంగా వేసే చివరి గీతలకు, అది మంచి సాయమే. అయితే అది గీతను నున్నగా చేస్తుందే తప్ప ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపాలో చెప్పదు. చెయ్యి తప్పుచోటికి వెళ్తే గీత కూడా నున్నగా ఆ తప్పుచోటికే వెళ్తుంది.

అన్‌డూ సంగతీ అంతే. నలభైసార్లు గీసి చెరిపి, నలభై ఒకటోసారి కుదిరినదాన్ని ఉంచుకుంటే బొమ్మ బాగానే ఉంటుంది, కానీ చేతికి అలవాటైంది ఆ నలభై తప్పులే. కాగితం మీద బాల్‌పెన్‌తో చెరపడం కుదరదు. అందుకే పెన్ను ఆనించకముందే కన్ను ఒక నిర్ణయానికి రావాల్సి వస్తుంది. కాగితం మీది సాధన నుంచి టాబ్లెట్‌కు తెచ్చుకోవాల్సిన అసలు అలవాటు ఇదే.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఏ4 జిరాక్స్ కాగితాలు ఓ యాభై, ఒక బాల్‌పెన్, ఒక 4బీ పెన్సిల్. రోజుకు 30 నిమిషాలు. ఖరీదైన స్కెచ్‌బుక్‌తో మొదలెట్టకండి, పేజీ పాడవుతుందన్న భయానికే చెయ్యి బిగుసుకుపోతుంది.

మొదటి 5 నిమిషాలు: గీతలు

కాగితం మీద 12 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టండి. పెన్ను ఆనించకుండా గాల్లోనే ఆ దారిలో రెండు మూడుసార్లు చెయ్యి ఆడించి, తర్వాత ఒకే ఊపులో గీయండి. అలా ఇరవై గీతలు. గీత విల్లులా వంగుతోందంటే మణికట్టు దగ్గరే చెయ్యి తిరుగుతోందని అర్థం, కదలిక మోచేతి నుంచి, భుజం నుంచి రావాలి. వణుకుతోందంటే మరీ నెమ్మదిగా గీస్తున్నారు. చుక్క దాటి ముందుకు వెళ్లిపోతే మాత్రం దిగులు పడొద్దు, ధైర్యంగా గీసిన గీతే అలా వెళ్తుంది, నిగ్రహం వారం పది రోజుల్లో దానంతటదే వస్తుంది.

వాకిట్లో ముగ్గు వేసే చేయి తిరిగిన ఆవిడను గమనించండి. వేళ్లు పిండి జారవిడుస్తుంటాయి, గీతను నడిపేది మాత్రం మొత్తం చెయ్యి. చూపు వేళ్ల మీద ఉండదు, చేరాల్సిన చుక్క మీద ఉంటుంది. కాగితం మీదా, టాబ్లెట్ మీదా చూపు అక్కడే ఉండాలి.

గీశాక కాగితం తిప్పి వెనకవైపు వేలితో తడిమి చూడండి. గీతలు ఉబ్బెత్తుగా తగిలితే బాగా ఒత్తుతున్నారు. ఈ అలవాటే టాబ్లెట్ మీద స్టైలస్ (టాబ్లెట్ పెన్ను) మొన, అంటే నిబ్, త్వరగా అరగడానికీ, బొటనవేలి మొదట్లో నొప్పికీ దారితీస్తుంది.

తర్వాతి 10 నిమిషాలు: చెంబు

వంటింట్లోంచి ఒక స్టీలు చెంబు తెచ్చి, కంటిమట్టానికి కాస్త కిందగా బల్లమీద పెట్టుకోండి. చెంబు మూతి, మెడ, పొట్ట, అడుగు, ఈ నాలుగూ గుండ్రనివే. పక్కనుంచి చూస్తున్నాం కాబట్టి దీర్ఘవృత్తాల్లా కనిపిస్తాయి. ముందు చెంబు నడుమగుండా నిలువుగా ఒక సన్నగీత, దానికి అడ్డంగా నాలుగు దీర్ఘవృత్తాలు. వెనకవైపు కనిపించకపోయినా పూర్తిగా చుట్టండి. ఒక్కో దాన్నీ ఆపకుండా రెండుసార్లు తిప్పి వదిలేయండి.

దాదాపు అందరూ చేసే తప్పు, మూతిని గుండ్రంగా వేసి అడుగుని తిన్నని గీతతో ముగించడం. బల్ల చదునుగా ఉంటుందని మనసుకు తెలుసు కదా, కన్ను చూసినదాన్ని పక్కకు నెట్టేసి అదే గీయిస్తుంది. నిజానికి వృత్తం కంటిమట్టానికి ఎంత కిందికి దిగితే అంత విప్పారి కనిపిస్తుంది. అంటే అడుగు వంపు మూతి వంపుకంటే ఎక్కువ గుండ్రంగా ఉండాలి. రెండో తప్పు, దీర్ఘవృత్తం కొసలు బాదంగింజలా మొనదేలడం. అక్కడ మూల ఉండదు, చిన్నదే అయినా వంపే ఉంటుంది.

డిజిటల్‌లో ఎలిప్స్ టూల్‌తో మూతి వేసి, దాన్నే కాపీ చేసి అడుగుకు అతికించేవాళ్లు చాలామంది. గీత శుభ్రంగానే ఉంటుంది, చెంబు మాత్రం బల్లమీద కూర్చోదు. పదిరోజులు చెంబు గీసినవాళ్లకు ఆ తేడా చూడగానే తెలిసిపోతుంది. టూల్ వాడినా, అడుగు దీర్ఘవృత్తాన్ని నిలువుగా కాస్త సాగదీస్తారు.

ఇంకో 10 నిమిషాలు: మనుషులు

బస్టాపు, రైతుబజారు, గుడిమెట్లు, ఎక్కడైనా సరే. ఒక్కో మనిషికి 30 సెకన్లు. ముఖంతో మొదలెడితే ముక్కు అయ్యేసరికి సమయం అయిపోతుంది. వెన్నుగీత, భుజాల గీత, నడుము గీత, బరువు మోస్తున్న కాలు, ఈ నాలుగు చాలు. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషికి ఆ వైపు నడుము పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. గొంతుగుంట నుంచి తిన్నగా కిందికి గీత దించితే ఆ బరువు మోసే పాదం దగ్గరికి చేరాలి. చేరకపోతే బొమ్మలో మనిషి పడిపోతున్నట్టు ఉంటాడు. మీ డిజిటల్ క్యారెక్టర్లు కట్టెల్లా నిలబడుతున్నాయంటే రెండు భుజాలనూ, నడుమునూ ఒకే మట్టంలో వేయడమే కారణం కావచ్చు.

చివరి 5 నిమిషాలు: వెలుగునీడలు

5 సెంటీమీటర్లకు 7 సెంటీమీటర్ల చిన్న గడి గీసుకుని, ఎదురుగా ఉన్న దృశ్యాన్ని 4బీ పెన్సిల్‌తో మూడే ఛాయల్లో వేయండి: కాగితం తెలుపు, ఒక బూడిద, ఒక నలుపు. కళ్లు సగం మూసి చూస్తే చిన్నచిన్న తేడాలు కలిసిపోయి పెద్ద ఆకారాలు మిగులుతాయి. మెత్తని ఎయిర్‌బ్రష్‌తో అంతటా రుద్దిన డిజిటల్ బొమ్మలు పాలిపోయినట్టు ఉండటానికి కారణం, ఎక్కడ నీడో ఎక్కడ వెలుగో ముందే తేల్చుకోకపోవడం. రంగులేసిన బొమ్మను తనిఖీ చేయాలంటే అన్నిటికంటే పైన నల్లరంగు నింపిన లేయర్ (పొర) పెట్టి, దాని బ్లెండింగ్ మోడ్‌ను (కింది పొరలతో కలిసే తీరును) ‘కలర్’కు మార్చండి. బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. మూడు ఛాయలు విడివిడిగా తెలియకపోతే, రంగులు ఎంత మార్చినా లాభం లేదు.

టాబ్లెట్ దగ్గరికి వచ్చాక

ముందు టాబ్లెట్ సెట్టింగ్ సరిచూడండి. స్క్రీన్ లేని టాబ్లెట్ మీద ఒక చేతిగాజు పెట్టి, లోపలి అంచు వెంట స్టైలస్ తిప్పండి. మానిటర్ మీద గుండ్రంగా రావాలి. అడ్డంగా సాగి వస్తే తప్పు మీది కాదు. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10 ఉన్న టాబ్లెట్‌ను 16:9 మానిటర్‌కు మొత్తంగా జతచేస్తే వెడల్పు దాదాపు 11 శాతం సాగిపోతుంది. డ్రైవర్ సెట్టింగుల్లో నిష్పత్తి మారకుండా ఉంచే ఆప్షన్ ఆన్ చేయండి. ఇది చేయకుండా వృత్తాలు ఎన్ని సాధన చేసినా చెయ్యి తప్పే నేర్చుకుంటుంది.

6 అంగుళాల వెడల్పున్న టాబ్లెట్‌ను 24 అంగుళాల మానిటర్‌కు (అది మూల నుంచి మూలకు కొలత, వెడల్పు దాదాపు 21 అంగుళాలే) కలిపితే చేతి కదలిక దాదాపు మూడున్నర రెట్లు పెద్దదై కనిపిస్తుంది. కాగితం మీద కంటికి ఆనని వణుకు ఇక్కడ బయటపడేది అందుకే. మొదట్లో టాబ్లెట్‌ను మానిటర్‌లో సగభాగానికే జతచేసుకుంటే చేతికి తెరిపిగా ఉంటుంది.

కాగితం మీద చేసిన గీతల సాధననే అదే రోజు టాబ్లెట్ మీద 10 నిమిషాలు చేయండి, స్టెబిలైజర్ లేకుండా, అన్‌డూ లేకుండా, జూమ్ చేయకుండా. ఈ పది నిమిషాలు మానేస్తే కాగితం నైపుణ్యం కాగితం దగ్గరే ఆగిపోతుంది.

స్కెచ్‌ను ఫోన్‌తో ఫోటో తీసి వాడుకునేటప్పుడు కిటికీ వెలుతురులో, సరిగ్గా పైనుంచి, కాస్త ఎత్తులో ఫోన్ పట్టుకుని 2ఎక్స్ జూమ్‌లో తీయండి. దగ్గరగా పట్టుకుంటే బొమ్మ ఆకారం వంకరపోతుంది. ఆ ఫోటో ఉన్న లేయర్ ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలన్న కొలత) 25 శాతానికి తగ్గించి పైన కొత్త లేయర్‌లో గీయండి. స్కెచ్‌లో ఉన్న ప్రాణం లైన్‌ఆర్ట్‌లో పోయిందని చాలామంది బాధపడేది ఇక్కడే. పాత గీతను మిల్లీమీటరు చొప్పున వెంబడిస్తే చూపు నిబ్ కొన మీదే ఇరుక్కుపోతుంది. కింది గీత ఎక్కడ ముగుస్తుందో చూసుకుని, అక్కడే చూపు నిలిపి, ఒకే ఊపులో గీయండి. పాత గీతకు రెండు పిక్సెళ్లు అటూ ఇటూ పోయినా ఫర్వాలేదు, ఫోటో లేయర్ ఒపాసిటీ సున్నా చేసి చూసినప్పుడు కొత్త గీత తనంతట తాను నిలబడితే చాలు.