నేలపట్టుకు పిల్లల్ని తీసుకెళ్తున్నారా? రబ్బర్లు స్కూల్లోనే వదిలేయండి

మొదటిసారి ఏడో తరగతి పిల్లల్ని సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్లినప్పుడు వాటర్ కలర్స్, బ్రష్షులు, పెద్ద డ్రాయింగ్ షీట్లు అన్నీ బస్సులో వేసుకుని వెళ్లాను. చెరువు గట్టు మీద గాలికి షీట్లు ఎగిరిపోయాయి, రంగునీళ్లు యూనిఫాంల మీద ఒలికాయి, సగంమందేమో చెట్ల నిండా పక్షులుంటే వాటిని వదిలేసి బోర్డు మీదున్న గూడబాతు (పెలికాన్) బొమ్మ చూసి దించేశారు. తప్పు వాళ్లది కాదు, నాదే.

ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక అట్ట, క్లిప్పు, ఐదారు తెల్లకాగితాలు, ఒక పెన్సిల్. అంతే. రబ్బరు ఉంటే పిల్లలు చూడటం మానేసి చెరపడంలో పడతారు.

పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి కానీ చెరువు నిండిన ఏడే బాగా దిగుతాయి, కాబట్టి నీళ్లెలా ఉన్నాయో కనుక్కుని, అటవీశాఖ వాళ్లకి ముందే చెప్పి బయల్దేరండి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరిగే రోజుల్లో మాత్రం వద్దు, ఆ జనంలో పిల్లల్ని లెక్కపెట్టుకోవడానికే సరిపోతుంది. ఎర్రటి, మెరిసే బట్టలు వద్దు.

వెళ్లగానే పెన్సిల్ పట్టనివ్వకండి. పది నిమిషాలు కళ్లు మూసుకుని వినమనండి. ఆ తర్వాత కాగితం మధ్యలో 'నేను' అని చుక్క పెట్టుకుని, ఏ చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో అక్కడ తోచిన గీత గీయాలి. పెద్ద గూడబాతులు గూళ్ల దగ్గర దాదాపు నోరెత్తవు, ఆ గోలంతా వాటి పిల్లలదే. ఈ సంగతి నేను చెప్పకముందే మా పిల్లలు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుని కనిపెట్టారు.

తర్వాత ఒక్క పక్షిని ఎంచుకుని, కాగితం వైపు చూడకుండా, పెన్సిల్ ఎత్తకుండా దాని అంచు వెంబడి గీయాలి. బొమ్మ వంకరటింకరగా వస్తుంది, నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి (గట్టిగా మాత్రం కాదు). కానీ ముక్కు కింద వేలాడే సంచి, పైముక్కు అంచున వరుసగా ఉండే మచ్చలు అప్పుడే కంటపడతాయి. అంతకుముందు వాళ్లు గీసినవన్నీ ఇంటి బాతులే.

అసలు చిక్కు ఇక్కడొస్తుంది. "తెల్ల పక్షిని తెల్ల కాగితం మీద ఎలా గీయాలి సార్?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పక్షిని గీయొద్దనండి. దాని వెనకున్న ఆకుల్ని, నీడల్ని, నీళ్లని పెన్సిల్‌తో నింపుకుంటూ పొమ్మనండి. మిగిలిన ఖాళీయే పక్షి. ఒకమ్మాయి ఇలాగే మొదలుపెట్టి మధ్యలో ఆగి, "సార్, ఈ చెట్టు కూడా తెల్లగానే ఉంది" అంది. నిజమే, నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల ఆకులు రెట్టలతో సున్నం కొట్టినట్టుంటాయి. ఆ రెట్టంతా చెరువులో కలిసి, ఆ నీళ్లే పొలాలకి ఎరువవుతాయని అప్పుడు చెప్పాను, అదే క్లాసులో చెప్పుంటే ఎవరు వినేవాళ్లు!

ఈకలు, గుడ్డు పెంకులు ఏవీ తేకూడదు, అది అభయారణ్యం. ఏదైనా నచ్చితే అక్కడే బొమ్మ గీసుకోవాలి.

రంగులు స్కూలుకొచ్చాకే. ఏ రంగు ఎక్కడుందో బొమ్మ పక్కన మాటల్లో రాసుకోమనండి, 'ఆకుపచ్చ' అని కాదు, 'ఎండిన గోంగూర రంగు' లాగా. వీలైతే మార్చిలో అవే కాగితాలు పట్టుకుని అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లండి.