ఫోన్లు వస్తున్నాయి, ప్రాజెక్టు రావట్లేదు: అమెరికాలో ఐటీ కాంట్రాక్టర్లకు సమస్య - పరిష్కారం

అమెరికాలో కాంట్రాక్టుల మీద పనిచేసే మనవాళ్లలో చాలామంది ప్రాజెక్టు అయిపోగానే ఇంకో కోర్సులో చేరిపోతారు. జావా వాళ్లు పైథాన్‌కి, టెస్టింగ్ వాళ్లు డెవాప్స్‌కి. నేర్చుకోవడం మంచిదే. కానీ రెజ్యూమే అసలు క్లయింటు దాకా చేరట్లేదా, ఇంటర్వ్యూలో పోతోందా, ఉన్న పనే హైదరాబాద్‌కు తరలిపోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇవి వేర్వేరు జబ్బులు, అన్నిటికీ ఒకే మాత్ర పనిచేయదు. ఇక్కడ రాసేది ముఖ్యంగా గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్, ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు) ఉన్నవాళ్లకు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

సమస్య: ఒకే రిక్వైర్‌మెంట్‌కి పదిమంది రిక్రూటర్లు ఫోన్ చేస్తారు, సబ్మిట్ చేశాక ఉలుకూ పలుకూ ఉండదు

పెద్ద కంపెనీలు కాంట్రాక్టర్లను నేరుగా తీసుకోవడం అరుదు. రిక్వైర్‌మెంట్‌ను ఫీల్డ్‌గ్లాస్, బీలైన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. అది ముందు ప్రైమ్ వెండర్లకు (క్లయింటుతో నేరుగా ఒప్పందం ఉన్న స్టాఫింగ్ కంపెనీలకు) వెళ్తుంది, వాళ్ల నుంచి సబ్ వెండర్లకు, అక్కడి నుంచి ఇంకా కిందికి. మీకు ఫోన్ చేసే మనిషి మూడో చెయ్యో నాలుగో చెయ్యో అయి ఉంటాడు. 'సీనియర్ జావా డెవలపర్' అనే టైటిల్‌కి రేటు ముందే ఖరారై ఉంటుంది కాబట్టి, మధ్యలో ఎన్ని చేతులుంటే మీ వాటా అంత తగ్గుతుంది. అదే పేరు ఇద్దరు వెండర్ల నుంచి వెళ్తే చాలాచోట్ల డబుల్ సబ్మిషన్ అని పక్కన పెట్టేస్తారు.

రైట్ టు రిప్రజెంట్ (మీ తరఫున రెజ్యూమే పంపడానికి వెండర్ అనుమతి అడిగే) మెయిల్‌కి ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు అడగండి: ఎండ్ క్లయింట్ ఎవరు, మీరు ప్రైమా సబ్బా, జాబ్ ఐడీ ఎంత, రేటు ఎంత. క్లయింటు పేరు చెప్పనివాళ్లకు ఒప్పుకోకండి. ఎవరి ద్వారా ఎక్కడికి వెళ్లారో ఒక షీట్‌లో రాసుకోండి. అన్నిటికన్నా గట్టి దారి పాత మేనేజర్లు. సిస్టమ్‌ను దాటి వాళ్లు మిమ్మల్ని తీసుకోలేకపోవచ్చు, కానీ 'ఈ మనిషి ప్రొఫైల్ పంపండి' అని ప్రైమ్ వెండర్‌కు చెప్పగలరు. అందుకే ప్రాజెక్టు ముగిసేలోపే ఆ క్లయింటుకి ప్రైమ్ వెండర్లు ఎవరో తెలుసుకుని పెట్టుకోండి.

సమస్య: 'డబ్ల్యూ-2 ఓన్లీ, సీ2సీ కుదరదు' అంటారు

డబ్ల్యూ-2 అంటే వెండర్ పేరోల్ మీద ఉద్యోగిగా చేరడం, సీ2సీ (కార్ప్ టు కార్ప్) అంటే మీ సొంత కంపెనీ పేరుతో బిల్లు పంపడం. సీ2సీ కుదరదన్నారంటే అది మీ స్కిల్‌లో లోపం కాదు. 1978 నాటి చట్టంలోని సెక్షన్ 530 కాంట్రాక్టర్లను పెట్టుకునే కంపెనీలకు పన్ను విషయంలో ఒక రక్షణ ఇచ్చింది. 1986 పన్ను సంస్కరణల చట్టంలోని సెక్షన్ 1706, మధ్యవర్తి ద్వారా పనికి వెళ్లే ఇంజినీర్లు, ప్రోగ్రామర్లు, అనలిస్టుల విషయంలో దాన్ని తీసేసింది. రేపు 'వీళ్లు మీ ఉద్యోగులే' అని ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) అంటే చిక్కు అని వెండర్లకు అప్పటినుంచీ భయం. వాదించి లాభం లేదు, లెక్క వేసుకోండి. సొంతంగా చేస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కలిపి 15.3 శాతం మీ మీదే పడుతుంది. డబ్ల్యూ-2లో అందులో సగం యజమాని కడతాడు. హెల్త్ ఇన్సూరెన్స్, లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా కలిపి చూస్తే, గంటకు కాస్త తక్కువ రేటు వచ్చే డబ్ల్యూ-2 కాంట్రాక్టే ఒక్కోసారి నయంగా ఉంటుంది.

సమస్య: పని బాగానే నడుస్తోంది, ఉన్నట్టుండి కేటీ (చేసే పనంతా వేరేవాళ్లకు నేర్పడం) ఇమ్మన్నారు

నిజానికి ఉన్నట్టుండి ఏదీ జరగదు. ప్రతి పనికీ స్టెప్ బై స్టెప్ డాక్యుమెంట్ రాయమంటారు. మీటింగుల్లో కొత్త వెండర్ పేర్లు కనిపిస్తాయి. రాత్రి తొమ్మిదికి ఆఫ్‌షోర్ (ఇండియాలోని) టీమ్‌తో కాల్స్ మొదలవుతాయి. ఎక్స్‌టెన్షన్ ఆరు నెలల నుంచి మూడుకి, తర్వాత నెలకి దిగుతుంది. ఈ నాలుగింటిలో రెండు కనబడ్డా రెజ్యూమే బయటికి తీయండి.

కారణాలు రెండు రకాలు. మొత్తం అప్లికేషన్ సపోర్ట్‌ను ఒక పెద్ద సర్వీసెస్ కంపెనీకి గుత్తకు ఇచ్చేయడం పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది క్లయింటే ఇండియాలో సొంత సెంటర్ పెట్టుకోవడం. 2024 నాటికి ఇండియాలో ఇలాంటి సెంటర్లు (జీసీసీలు) 1,700కు పైగా ఉన్నాయని నాస్కామ్ లెక్క. హైదరాబాద్‌లో వాటి జోరు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. తమ్ముడికి అక్కడ మంచి ఉద్యోగం రావడం, అన్నకు ఇక్కడ కాంట్రాక్టు పోవడం ఒకే నిర్ణయం వల్ల జరగొచ్చు. అక్కడి వాళ్ల మీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదు.

కేటీ నిజాయితీగా ఇవ్వండి, ఆ మేనేజర్ మాట రేపు మీకు కావాలి. ఇచ్చేటప్పుడు ఏ పని వెళ్తోంది, ఏది ఇక్కడే ఉంటోంది అని గమనించండి. డాక్యుమెంట్‌లో రాయగలిగిన పని వెళ్తుంది. బిజినెస్ వాళ్ల పక్కన కూర్చుని రూల్ అర్థం చేసుకునే పని, ఆడిటర్‌కు జవాబు చెప్పే పని, ప్రొడక్షన్‌లో తేడా వస్తే నిర్ణయం తీసుకునే పని చాలావరకు ఉండిపోతాయి. కొన్నిచోట్ల చట్టమో కాంట్రాక్టు షరతో పనిని ఇక్కడ ఆపుతుంది. చాలా రాష్ట్రాల మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కాంట్రాక్టుల్లో డేటా అమెరికా దాటకూడదని షరతు ఉంటుంది. రక్షణ రంగంలో ఐటార్ (ఆయుధాల ఎగుమతి నియంత్రణ) నిబంధనల కిందికి వచ్చే పనికి సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్లు కావాలి. ఆ అర్హత మీకుంటే రెజ్యూమే మొదటి లైన్లోనే రాయండి.

సమస్య: ఇంటర్వ్యూ దాకా వెళ్తున్నా, 'డొమైన్ అనుభవం లేదు' అని తిప్పి పంపుతున్నారు

ఈ సమస్యే ఎక్కువమందిని పట్టి పీడిస్తోంది. ఒట్టి కోడింగ్ ఆఫ్‌షోర్‌లో దొరుకుతున్నప్పుడు ఇక్కడ అంత రేటు ఇచ్చేది దేనికి? తమ వ్యాపారం, అంటే డొమైన్, తెలిసిన మనిషి కోసం.

రెజ్యూమేలో 'హెల్త్‌కేర్' అని రాసుకుంటే సరిపోదు. ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఇచ్చిపుచ్చుకునే ఫైళ్లకు నంబర్లుంటాయి, 837 అంటే ఆసుపత్రి డబ్బు అడుగుతూ పంపే బిల్లు. ఇంటర్వ్యూలో అడిగేది ఇలా ఉంటుంది: '837 క్లెయిమ్ ఫైల్ పంపాం. 999లో ఓకే అని వచ్చింది. అయినా డబ్బు రాలేదు. ఎక్కడ చూస్తారు?' పని చేసినవాళ్లు తడుముకోరు. 999 అంటే ఫైల్ ఫార్మాట్ బాగుందని మాత్రమే. క్లెయిమ్ లోపలికి తీసుకున్నారా లేదా అన్నది 277సీఏలో ఉంటుంది. తీసుకున్నాక డబ్బు ఎందుకు ఆపారో చెల్లింపు వివరాలుండే 835లో ఉంటుంది. అందులో సీఓ-16 కనిపిస్తే ఏదో సమాచారం లోపించిందని అర్థం. ఏది లోపించిందో తెలియాలంటే పక్కనే ఉన్న రిమార్క్ కోడ్ చూడాలి. ఈ జవాబును ఇంకొకరి చేత ఫోన్లో చెప్పించుకుని ప్రాజెక్టులో చేరినవాళ్లు మొదటి ప్రొడక్షన్ సమస్యకే దొరికిపోతారు. వాళ్ల తర్వాత నిజాయితీగా వచ్చే మన పిల్లల్ని కూడా ఆ క్లయింటు అనుమానంగా చూస్తాడు. దయచేసి ఆ దారి వద్దు.

మీరు ఇప్పటికే చేసిన ప్రాజెక్టుల్లో డొమైన్ దాగి ఉంటుంది. 'రెస్ట్ ఏపీఐలు రాశాను' అనే లైన్ తీసేసి, ఆ ఏపీఐ ఏ వ్యాపార పనిని కదిలించిందో రాయండి. అది గుర్తు రాకపోతే ఆ టీమ్‌లోని బిజినెస్ అనలిస్ట్‌కి ఫోన్ చేసి అడగండి. ఊరు కూడా ముఖ్యమే: షార్లెట్‌లో బ్యాంకులు, హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్, బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్, దాని సప్లయర్లు. 'లోకల్స్ ఓన్లీ' అని అడిగే రోజుల్లో ఇంటికి దగ్గరున్న పరిశ్రమను నేర్చుకోవడం మేలు.

సమస్య: డొమైన్ బాగా తెలుసు, అయినా ఫోన్లే రావట్లేదు

స్పెషలైజేషన్ మరీ ఇరుకైపోయిందన్నమాట. వై2కే పని (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీల్ని సరిచేయడం) 2000 దాటగానే తగ్గిపోయింది. ఐసీడీ-10 (జబ్బుల కోడ్‌ల కొత్త జాబితా) వాళ్లకు 2015 అక్టోబర్ 1 దాకా గిరాకీ, ఆ తర్వాత మైగ్రేషన్ పనే లేదు. గడువు తేదీ ఉన్న పని డబ్బు ఇస్తుంది కానీ నిలవదు. అందుకని పక్క గదిలోకి అడుగు పెట్టి ఉంచాలి. క్లెయిమ్స్ తెలిసినవాళ్లు 834 ఎన్‌రోల్‌మెంట్ (సభ్యుల నమోదు), అక్కడి నుంచి ప్రయర్ ఆథరైజేషన్ (చికిత్సకు ముందే ఇన్సూరెన్స్ అనుమతి) నేర్చుకోవచ్చు. 2024 జనవరిలో వచ్చిన సీఎంఎస్ (మెడికేర్, మెడికెయిడ్ చూసే ఫెడరల్ సంస్థ) రూల్ ప్రకారం, దాని కిందికి వచ్చే ఇన్సూరెన్స్ సంస్థల్లో చాలావాటికి ప్రయర్ ఆథరైజేషన్ ఏపీఐల గడువు 2027 జనవరి 1. ఇదీ గడువున్న పనే, కానీ ఏపీఐలు వచ్చాక వాటిని నడపాల్సిన పని మిగులుతుంది.

సమస్య: పద్దెనిమిది నెలలకు బయటికి పంపేశారు

మైక్రోసాఫ్ట్ మీద 'పర్మాటెంప్' (ఏళ్ల తరబడి పనిచేసిన తాత్కాలిక) కాంట్రాక్టర్లు వేసిన దావా 2000లో 9.7 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. ఏళ్ల తరబడి ఉంచుకుంటే ఉద్యోగి కింద లెక్కకొస్తారన్న భయంతో ఆ తర్వాత చాలా కంపెనీలు గడువు పెట్టుకున్నాయి. మినహాయింపు కోసం ఆశపడకండి, ఏడాది దాటగానే వెతుకులాట మొదలుపెట్టండి.

సమస్య: హెచ్-1బి, ప్రాజెక్టు అయిపోయింది, బెంచ్ మీద జీతం ఆపేశారు

హెచ్-1బి మీద సొంతంగా ఫ్రీలాన్సింగ్ కుదరదు, సైడ్‌లో కూడా. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకన్నా ముందే ముగిస్తే అప్పటి వరకే. కానీ ఉద్యోగంలోంచి తీయకుండా, ప్రాజెక్టు లేదన్న సాకుతో జీతం ఆపడం చట్టవిరుద్ధం. టెన్షన్‌లో ఊరుకోకండి. ఆఫర్ లెటర్, ఎల్‌సీఏ (జీతం ఎంతో యజమాని ప్రభుత్వానికి రాసిచ్చిన పత్రం), పేస్టబ్‌లు, 'ప్రాజెక్టు వచ్చేదాకా ఆగు' అన్న మెసేజ్‌లు అన్నీ సొంత మెయిల్‌లో దాచుకోండి. లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయొచ్చు. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఇవ్వాలి.