స్మోకర్‌కి థర్మామీటర్ చాలా, కంట్రోలర్ కావాలా? ఎలా ఎంచుకోవాలి?

స్మోకర్ అంటే పొగతో, తక్కువ వేడి మీద, మాంసాన్ని గంటల తరబడి వండే పొయ్యి. కంట్రోలర్ అంటే ఆ వేడిని తనే అదుపు చేసే పరికరం. స్మోకర్ మూత మీద గుండ్రంగా, ముల్లుతో కనబడే థర్మామీటర్‌ని ముందు లెక్కలోంచి తీసేయండి. అది చెప్పేది మూత కింద గాలి వేడి. మాంసం ఉండేది అక్కడ కాదు, కింద జాలీ మీద. ఈ రెండు చోట్లకీ ముప్పై నలభై డిగ్రీల తేడా ఉండటం మామూలే. పైగా దాని లోపల ఉండేది రెండు లోహాలు అతికించి చుట్టిన స్ప్రింగు. జిడ్డూ మసీ పట్టేకొద్దీ ఇంకా తప్పు చెబుతుంది. 225 చూపిస్తోంది కదా అని రాత్రంతా కాపలా కాసి, తెల్లారాక నమలలేని మాంసం కోసేవాళ్లని చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. (డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే చెబుతాను. అమెరికాలో వంటవాళ్లు మాట్లాడుకునేది ఆ లెక్కలోనే. 225 అంటే సెల్సియస్‌లో 107.)

నేనుండేది డాలస్ దగ్గర. మే నెలాఖరులో వచ్చే మెమోరియల్ డే సేల్‌లో స్మోకర్ కొన్న మనవాళ్లంతా మర్నాడు అడిగేది ఒకటే: “అన్నా, ఏ యాప్ ఉన్నది తీసుకోమంటావ్?” యాప్ సంగతి తర్వాత. ముందు మీ పెరట్లో ఉన్నదేమిటో చూడండి.

మొదట: మీ స్మోకర్ ఏ రకం?

పెలెట్ స్మోకర్ అయితే కంట్రోలర్ అందులోనే ఉంది. చెక్క గుళికల్ని నెట్టేదీ, గాలి ఊదేదీ అదే. ఇంకొకటి కొనకండి, మంచి థర్మామీటర్ చాలు.

పక్క పెట్టెలో కట్టెలు కాల్చే ఆఫ్‌సెట్ అయితే ఫ్యాన్ కంట్రోలర్ దండగ. కట్టె మంటకి ధారాళంగా గాలి ఆడాలి. దాన్ని బిగించి, అప్పుడప్పుడు ఊదితే పొగ చేదెక్కుతుంది. టెక్సస్ శాసనసభ్యులు తీర్మానం చేసి మరీ బార్బెక్యూ రాజధాని అని పేరు పెట్టిన లాక్‌హార్ట్‌కి వెళ్లి చూడండి, పోస్ట్ ఓక్ కట్టెల దగ్గర నిలబడేది మనిషే. ఆఫ్‌సెట్ కొన్నవాడు మంట దగ్గర కూర్చోవాలి. ఆ ఓపిక లేకపోతే ఆఫ్‌సెట్ కొనకూడదు.

ఇక మిగిలినవి బొగ్గు మీద నడిచేవి: వెబర్ స్మోకీ మౌంటెన్, బిగ్ గ్రీన్ ఎగ్ లాంటి కమాడోలు (గుడ్డు ఆకారపు పింగాణీ పొయ్యిలు), మామూలు కెటిల్ గ్రిల్. కంట్రోలర్ కావాలా వద్దా అన్న ప్రశ్న వీటికే వస్తుంది.

రెండోది: థర్మామీటర్

కనీసం రెండు ప్రోబ్‌లు (వేడి కొలిచే కడ్డీలు) ఉండాలి. ఒకటి మాంసంలోకి, ఇంకోటి జాలీకి. ఫైర్‌బోర్డ్ 2 లాంటి వాటిలో ఆరు పెట్టుకోవచ్చు కానీ ఇంట్లో వండుకునేవాడికి రెండు చాలు, మూడోది సరదా. జాలీ ప్రోబ్‌కి పై హద్దూ కింది హద్దూ రెండూ పెట్టుకునేలా అలారం ఉండాలి. వేడి పెరిగితేనే మోగేది తీసుకుంటే, తెల్లవారుజామున బొగ్గు అయిపోయిన సంగతి మీకు తెలియనే తెలియదు.

కబురు మోసుకొచ్చే దారులు మూడు. బ్లూటూత్ డబ్బా మీద రాసిన దూరం ఖాళీ మైదానంలో కొలిచింది. మధ్యలో ఇటుక గోడా, ఫ్రిజ్జూ వస్తే అందులో సగం కూడా మిగలదు. వైఫై అయితే దూరంతో పని లేదు కానీ ఇలాంటి పరికరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. మీ ఫోన్ 5 మీద ఉంటే జత కుదరక అరగంట కుస్తీ పడతారు. మూడోది రేడియో. స్మోకర్ పక్కన ఒక పెట్టె, మీ చేతిలో దాని జోడు రిసీవర్. థర్మోవర్క్స్ వాళ్ల స్మోక్ ఈ రకం.

రిసీవర్ విడిగా ఉన్నదే కొనాలి. ఇందులో వాదన లేదు. ఫోన్ రాత్రిపూట సైలెంట్‌లో ఉంటుంది, బ్యాటరీ మిగల్చడానికి యాప్‌ని తనే మూసేస్తుంది, కొన్ని యాప్‌లకి ముందు ఖాతా తెరవాలి, పాస్‌వర్డ్ పెట్టాలి. మాంసం వేడి తెలుసుకోవడానికి ఈమెయిల్ ఎందుకివ్వాలో నాకిప్పటికీ అర్థం కాదు. రిసీవర్‌కి ఇవేమీ లేవు. దిండు పక్కన పెట్టుకుంటే మోగుతుంది, లేపుతుంది. గ్రాఫులు కావాలంటారు కొందరు. ఆ గ్రాఫు చూసి ఒక్కరైనా మాంసం మెత్తగా చేసింది నేను చూడలేదు.

తీగ లేని ప్రోబ్‌లు, మీటర్ (Meater) అన్న బ్రాండ్ పేరుతో వచ్చేవీ, ఆ కోవవీ, చూడ్డానికి బాగుంటాయి. కానీ ఇనప పెట్టెలోంచి సిగ్నల్ బయటికి రావడం కష్టం, మందపాటి పింగాణీలోంచీ అంతంతమాత్రమే. చుట్టూ గాలి వేడి కొలిచే మొన మాంసాన్ని ఆనుకునే ఉంటుంది. మాంసం మీది తడి ఆవిరవుతూ అక్కడి గాలిని చల్లబరుస్తుంది, కాబట్టి అది తక్కువ చూపిస్తుంది. తిరిగే చువ్వకి గుచ్చిన కోడికి తప్ప ఇంకెక్కడా వాడకండి.

కొనేముందు ప్రోబ్‌లు విడిగా అమ్ముతున్నారో లేదో చూడండి. ప్రోబ్ పాడవడం ఖాయం. లోహపు కడ్డీలోకి తీగ దూరే చోట నీళ్లు చేరితే పోయినట్టే. సింక్‌లో ముంచకండి, తడిగుడ్డతో తుడవండి. ప్రోబ్‌లలో థర్మిస్టర్, థర్మోకపుల్ అని వేడి కొలిచే రకాలు రెండు. థర్మిస్టర్ రకం పెట్టెకి కె రకం థర్మోకపుల్ ప్రోబ్ పనికిరాదు. పొగ వంటకి థర్మిస్టర్ బాగా సరిపోతుంది.

మూడోది: సరిగ్గా చెబుతోందా?

గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, సందులు నిండేలా నీళ్లు పోసి, కలిపి, ప్రోబ్ మొన మధ్యలో పెట్టండి. 32 రావాలి. తర్వాత మరిగే నీళ్లలో. సముద్రమట్టం దగ్గర 212. ఎత్తు పెరిగేకొద్దీ సుమారు 500 అడుగులకి ఒక డిగ్రీ తగ్గుతుంది. డాలస్‌లో 211, డెన్వర్‌లో 202 దగ్గర, హైదరాబాద్‌లో 208, 209. రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే వదిలేయండి. అంతకు మించితే తిరిగి ఇచ్చేయండి.

పెద్ద ముక్కలు 150, 170 మధ్య గంటల తరబడి కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు థర్మామీటర్ పాడైందని నాకు ఫోన్ చేయకండి. మాంసంలోంచి వచ్చే తడి ఆవిరై దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది, అంతే.

నాలుగోది: కంట్రోలర్

అందరూ దెబ్బతినేది ఇక్కడే. నిదానంగా చదవండి.

బొగ్గు స్మోకర్ కంట్రోలర్‌లో ఉండేవి మూడు: జాలీ దగ్గర వేడి చూసే ప్రోబ్, లెక్కగట్టే పెట్టె, కింది గాలి రంధ్రానికి బిగించే చిన్న ఫ్యాన్. వేడి తగ్గితే ఫ్యాన్ ఊదుతుంది, బొగ్గు రాజుకుంటుంది. వేడి చాలితే ఊదడం ఆపుతుంది. దానికి చేతనైంది అంతే. ఎక్కువైన వేడిని దించడం దానికి చేతకాదు. ఫ్యాన్ ఆగిపోయాక కూడా మూత అంచులోంచో, తలుపు సందులోంచో గాలి దూరుతుంటే మంట పెరుగుతూనే ఉంటుంది. వందల డాలర్లు పోసి కొన్న పెట్టె ఫ్యాన్ సున్నా అని చూపిస్తూ ఊరికే కూర్చుంటుంది.

అందుకని కంట్రోలర్ కొనడానికి ముందే స్మోకర్ గాలి చొరకుండా బిగుతుగా ఉందో లేదో చూసుకోవాలి. దమ్ బిర్యానీ గిన్నె అంచుకి పిండి ముద్ద ఎంత ముఖ్యమో ఇక్కడ ఈ బిగుతు అంత ముఖ్యం. పరీక్ష ఇదీ. మాంసం లేకుండా బొగ్గు రాజేసి 250 దగ్గర అరగంట నిలబెట్టండి. తర్వాత పైనా కిందా ఉన్న వెంట్‌లన్నీ (గాలి రంధ్రాలు) మూసేయండి. రేకు స్మోకర్ గంటలో 200 కంటే బాగా కిందికి దిగాలి. కమాడో గోడలు వేడిని పట్టుకుంటాయి కాబట్టి దానికి రెండు మూడు గంటలివ్వండి. అసలు రుజువు మర్నాడు తెలుస్తుంది. మూత తీస్తే మిగిలిన బొగ్గు నల్లగా, ఇంకోసారి వాడుకునేలా ఉండాలి. అంతా బూడిదైపోతే రాత్రంతా గాలి లాగిందన్నమాట. అలాంటిదానికి కంట్రోలర్ పెడితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

గాలి ఎక్కడ దూరుతోందో కనిపెట్టడం తేలిక. నిప్పుల మీద చెక్క ముక్క వేసి అన్నీ మూయండి. పొగ ఎక్కణ్నుంచి బయటికొస్తే అక్కడే సందు. మూత అంచుకి వేడి తట్టుకునే గాస్కెట్ టేప్, కదలని అతుకులకి వేడి తట్టుకునే, ఆహారానికి పనికొచ్చే సిలికోన్ పెట్టండి. తలుపు వంకర ఉంటే చేత్తో వంచి సరిచేయండి. కొత్త స్మోకర్ అయితే మరీ కంగారు పడొద్దు, నాలుగు వంటలయ్యేసరికి జిడ్డూ మసీ సందుల్ని కొంత పూడ్చేస్తాయి.

తర్వాత పై వెంట్. ఫ్యాన్ లేకుండా వండేటప్పుడు దాన్ని బార్లా తెరవాలని అందరూ చెబుతారు, నిజమే. ఫ్యాన్ పెట్టాక అలా తెరిస్తే పైనుంచి వేడి గాలి పోతూ కిందనుంచి కొత్త గాలిని లాగుతుంది, ఫ్యాన్ ఆగినా ఆ లాగుడు ఆగదు. కాబట్టి వేలు పట్టేంత సందు చాలు. పూర్తిగా మాత్రం మూయకండి. నిలవ పొగ పట్టిన మాంసం నాలుక మీద చేదుగా తగులుతుంది. స్మోకీ మౌంటెన్‌కి కింద మూడు వెంట్‌లుంటాయి. ఒకదానికి ఫ్యాన్, మిగతా రెండూ మూసేయండి.

ఫ్యాన్ పెద్దదైతే మేలనుకుంటారు. కాదు. ఇంటి స్మోకర్‌కి నిమిషానికి 5 నుంచి 10 ఘనపు అడుగుల గాలి ఇచ్చేది చాలు. పెద్దది పెడితే ఒక్క ఊదుకే వేడి హద్దు దాటుతుంది, బూడిద లేచి మాంసం మీద పడుతుంది. ఫ్యాన్ ఆగినప్పుడు రంధ్రం మూసుకునే రెక్కో, చేత్తో జరిపే పలకో ఉందో లేదో చూడండి. అది లేని ఫ్యాన్ అంటే స్మోకర్‌కి మీరే డబ్బిచ్చి చిల్లు పెట్టించుకున్నట్టు. టెక్సస్ గాలికి మరీనూ. ఫ్యాన్ ముఖం గాలికి ఎదురుగా పెట్టకండి.

పెట్టెలో పిడ్ (PID) పద్ధతి ఉండాలి. అంటే వేడి హద్దుకి దగ్గరపడేకొద్దీ ఊదడం తగ్గిస్తూ రావాలి. హద్దు చేరేదాకా పూర్తిగా ఊది అప్పుడు ఆపే రకం వద్దు. రాజుకున్న బొగ్గు ఫ్యాన్ ఆగిన క్షణాన చల్లారదు.

మంట పెట్టడంలోనూ ఇదే సూత్రం. బుట్ట నిండా చల్లని బొగ్గు పోసి, పదీ పదిహేను ముక్కలు మాత్రం రాజేసి, మిగతా పని ఫ్యాన్‌కి వదిలేయండి. వేడి కిందనుంచి మెల్లగా ఎక్కాలి. తొందరపడి చిమ్నీ (బొగ్గు రాజేసే రేకు గొట్టం) నిండా నిప్పులు పోస్తే కమాడో 350 దాటిపోతుంది, మళ్లీ 225కి దిగేసరికి గంటలు పడుతుంది.

మూత తీసే ముందు ఫ్యాన్ ఆపండి. చల్లగాలి తగిలి ప్రోబ్ లెక్క పడిపోతుంది, మంట ఆరిపోతోందని కంట్రోలర్ శక్తికొద్దీ ఊదుతుంది, మూత వేశాక చూస్తే యాభై డిగ్రీలు ఎక్కువ. మూత తెరిచింది తనే కనిపెట్టే కంట్రోలర్లు ఉన్నాయి. ఉన్నా సరే, చేత్తో ఆపండి. మూత వేశాక నాలుగైదు నిమిషాలాగి ఫ్యాన్ మళ్లీ వేయండి.

ప్రోబ్‌ని జాలీకి క్లిప్పుతో బిగించండి, మాంసానికి రెండంగుళాల దూరంలో. ఆనుకుంటే తక్కువ చూపిస్తుంది, నిప్పు అంచు మీద పెడితే ఎక్కువ చూపిస్తుంది. అన్నీ కుదిరాక ఫ్యాన్ శాతం గమనించండి. సగానికి బాగా తక్కువలో నిలకడగా ఉంటే స్మోకర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎప్పుడూ నూరు దగ్గరే ఉంటే బూడిద అడ్డుపడింది, లేదా బొగ్గు అయిపోయింది. సున్నా చూపిస్తూ వేడి పెరుగుతుంటే మళ్లీ సందులు వెతకాల్సిందే.

కంట్రోలర్ కొన్నా థర్మామీటర్ విడిగా ఉండాలి. కంట్రోలర్ ప్రోబ్ జాలీ మీంచి జారి బయటపడితే అది చల్లగాలిని చూసి రాత్రంతా ఊదుతూనే ఉంటుంది, తెరమీద మాత్రం వేడి తక్కువనే చూపిస్తుంది. కరెంటు పోతే ఫ్యాన్ ఆగి, నిప్పు మెల్లగా చల్లారి, మాంసం 140 కిందికి జారుతుంది. రెండు సందర్భాల్లోనూ మిమ్మల్ని లేపేది ఆ రెండో పరికరమే. ఇక కోడి తీసేముందు చేత్తో గుచ్చి చూసే థర్మామీటర్‌తో రెండు మూడు చోట్ల చూడండి, అన్నిచోట్లా 165 దాటాలి. పోర్క్ భుజం 200 దాటాక, మేక తొడ 195 దాటాక తీయండి.

వాన వస్తే పెట్టె మీద ఏదైనా కప్పండి, చాలావాటికి తడి పడదు. స్మోకర్‌ని మాత్రం గరాజ్‌లోకి లాగకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు.

ఇండియాకి తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అమెరికాలో అమ్మే రేడియో థర్మామీటర్లలో చాలా 915 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఇండియాలో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి వదిలిన భాగం వేరు, 865 దగ్గర. అక్కడికి మాత్రం, నాకిష్టం లేకపోయినా, వైఫై రకమే పట్టుకెళ్లండి. కంట్రోలర్ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. ఒక్క 120 మాత్రమే ఉంటే ఇంట్లో పెట్టిన మొదటిరోజే కాలిపోతుంది. ఫ్యాన్ నడపడానికి పవర్ బ్యాంక్ కొంటే దాన్ని చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ సూట్‌కేసులో ఒప్పుకోరు.