విక్టర్ హారా సంస్మరణ సభలో ఆయన మరణాన్ని ఎలా చెప్పాలి

1973లో సైనిక కుట్ర జరిగినప్పుడు సైన్యం చంపిన చిలీ ప్రజాగాయకుడు విక్టర్ హారాను తలచుకుంటూ సభ పెట్టాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ఆయన గురించి నేను విన్న ఉపన్యాసాల్లో చాలావరకు ఒకే దృశ్యంతో మొదలయ్యాయి. వేలాది ఖైదీలు చూస్తుండగా ఒక సైనికాధికారి గొడ్డలితో ఆయన చేతులు నరికి, ఇప్పుడు గిటార్ వాయించమని వెక్కిరించాడనీ, ఆయన నెత్తురోడుతూనే లేచి నిలబడి అందరిచేతా పాట పాడించాడనీ చెబుతారు. వింటున్నవారి కళ్లు చెమరుస్తాయి. నా కళ్లూ చెమర్చాయి. అయితే అది అలా జరగలేదు, జరిగిన దానికి ఆ కల్పన తోడు అవసరమూ లేదు.

ముందుగా తేదీ. హత్య జరిగిన సెప్టెంబర్ 16న సభ జరపడం వాడుక. నన్నడిగితే ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 28 మేలు. 1932లో పుట్టిన ఆ మనిషి నలభై ఒకటో ఏడు నిండడానికి పన్నెండు రోజుల ముందు చనిపోయాడన్న సంగతి ఆ రోజున చెబితే వినేవారి మనసుకు సూటిగా తగులుతుంది. వ్యాఖ్యాతకు ఇంటిపేరు ‘జారా’ కాదు, ‘హారా’ అని ముందే చెప్పి ఉంచండి.

సభను మరణంతో కాక పాటతో మొదలుపెట్టండి. తల్లి అమాందా జానపద గీతాలు పాడేది, గిటార్ వాయించేది. ఆమె దగ్గర పాట విని పెరిగిన కొడుకు తర్వాత నాటక దర్శకుడయ్యాడు. జానపద గీతాలను ఊరూరా తిరిగి సేకరించిన వియోలేతా పార్రా ప్రోత్సాహంతో గాయకుడిగా నిలబడ్డాడు. మొదట ఆయన పాట ‘తె రెకుయెర్దో అమాందా’ (నిన్ను తలచుకుంటున్నాను అమాందా) వినిపించండి. స్పానిష్ రానివారికి పాటకు ముందే రెండు నిమిషాల్లో భావం చెప్పాలి: తడిసిన వీధిలో అమాందా ఫ్యాక్టరీ వైపు పరుగెత్తుతుంది, అక్కడ పనిచేసే మాన్యుయెల్‌ను కలవడానికి ఆమెకున్నది అయిదు నిమిషాల విరామం, ఆ తర్వాత అతను కొండల్లోకి పోరాటానికి వెళ్లి తిరిగి రాడు. ఆ ఇద్దరి పేర్లూ ఆయన తల్లిదండ్రుల పేర్లే. ఇంత తెలిస్తే చాలు, మిగతాది గొంతే చెబుతుంది. సమయముంటే 1972లో వచ్చిన ‘లా పొబ్లాసియోన్’ అనే ఆయన ఆల్బమ్ నుంచి ఒక పాట కలపండి. రాజధాని శాంతియాగో శివార్లలో ఖాళీ స్థలాలను ఆక్రమించి గుడిసెలు వేసుకున్న పేదల కథ అది, అక్కడివారి మాటలను కూడా ఆయన అందులో రికార్డు చేశాడు. గుడిసెవాసుల పోరాటాలు చూసిన మనవారికి దాన్ని వివరించే పని ఉండదు.

ఇక మరణం. ఇక్కడ మన తెలుగే మనకు సాయం చేస్తుంది. ‘నరికారు’ అన్న మాటకూ ‘నరికారట’ అన్న మాటకూ మధ్య ఉన్నది ఒక్క ‘అట’. కళ్లారా చూసినదాన్ని, చెవిన పడినదాన్ని వేరుచేసే ఆ అక్షరాలను వక్త ఎక్కడ పలకాలో, ఎక్కడ పలకకూడదో కాగితం మీద ముందే గుర్తు పెట్టుకోవాలి.

‘అట’ లేకుండా చెప్పవలసినవి ఇవి. 1973 సెప్టెంబర్ 11న సైనిక కుట్ర జరిగిన రోజు ఆయన తాను పనిచేసే సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. మర్నాడు సైన్యం అక్కడున్నవారందరినీ పట్టుకుని ‘ఎస్తాదియో చిలే’ అనే ఇండోర్ స్టేడియంలో నిర్బంధించింది. చాలామంది దీన్ని పెద్ద ఫుట్‌బాల్ మైదానమైన జాతీయ స్టేడియంగా పొరబడతారు, తెర మీద ఆ ఫొటో వేయకండి. లోపల ఆయనను గుర్తుపట్టి విడిగా హింసించారు. అక్కడే కాగితాల మీద ఆయన రాసిన చివరి కవితను తోటి ఖైదీలు దాచి బయటికి చేరవేశారు. ఈ చిన్న మూలలో అయిదు వేల మందిమి ఉన్నామని మొదలయ్యే ఆ కవితను సభలో ఎవరైనా నెమ్మదిగా చదవాలి, వెనక సంగీతం వద్దు. ఆయన శరీరంలో నలభైకి పైగా తూటా గాయాలు ఉన్నాయి. సెప్టెంబర్ 18న భార్య జోన్ మార్చురీలో శవాల మధ్య ఆయనను గుర్తించి, ఒకరిద్దరి తోడుతో, ఊరేగింపు లేకుండా శ్మశానంలో ఖననం చేయించింది.

చేతుల విషయంలో ఆమె సాక్ష్యమే ఆధారం. అవి మణికట్ల దగ్గర విరిగినట్టు వింత కోణంలో వేలాడుతున్నాయని ఆమె చెప్పింది. అంటే చేతులు ఆయన దేహానికే ఉన్నాయి. గొడ్డలి, వెక్కిరింత, పాట ఉన్న కథ మాత్రం ‘అట’తోనే చెప్పాలి. దాన్ని పూర్తిగా వదిలేయమని నేను అనను. పత్రికల నోరు కట్టేసిన దేశంలో, ఊరేగింపు కూడా దక్కని మనిషి గురించి జనం నోటినుంచి నోటికి చెప్పుకున్నదే చిలవలు పలవలుగా పెరిగింది, ఆ పెరుగుదలలో వారి ప్రేమ కనిపిస్తుంది. కాబట్టి ఆ కథ ఎలా పుట్టిందో చెప్పండి, జరిగిన సంగతిగా చెప్పకండి. హత్యను కప్పిపుచ్చాలనుకునేవారికి మన అతిశయోక్తే ఆయుధమవుతుంది: ఒక్క అబద్ధం పట్టుబడితే మొత్తం అబద్ధమేనని వాదిస్తారు. పోస్టర్ మీద తెగిన చేతుల బొమ్మ వేయకపోవడానికీ అదే కారణం.

న్యాయస్థానాల కథ క్లుప్తంగా చాలు. 2009లో దేహాన్ని వెలికితీసి పరీక్షించి, అదే డిసెంబర్‌లో వేలాది మంది వెంట నడవగా మళ్లీ ఖననం చేశారు. 2023 ఆగస్టులో చిలీ సుప్రీంకోర్టు ఏడుగురు మాజీ సైనికాధికారుల శిక్షలను ఖరారు చేసింది. యాభై ఏళ్లు న్యాయం కోసం తిరిగిన జోన్ ఆ తీర్పు విని, అదే ఏడు నవంబర్‌లో కన్నుమూసింది. సైన్యం దొరికిన రికార్డులను నాశనం చేస్తున్న రోజుల్లో భర్త పాటల టేపులను దేశం దాటించింది కూడా ఆమే. మొదట్లో వినిపించిన అమాందా పాట మనదాకా ఎలా వచ్చిందో అప్పుడు చెప్పి, వందన సమర్పణకు ముందు ఆ పాటనే ఇంకొకసారి పెట్టండి.