గంటకు 100లో వెళ్లే కారు ఎన్ని మీటర్లలో ఆగుతుంది? లెక్క వేసే పద్ధతి

స్పీడోమీటరు వేగాన్ని గంటకు కిలోమీటర్లలో చూపిస్తుంది. ముందు ఆగి ఉన్న లారీ మాత్రం మీటర్ల లెక్కలో ఉంటుంది. కాబట్టి మొదట వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చుకోవాలి: 5తో గుణించి 18తో భాగించండి, లేదా నేరుగా 3.6తో భాగించండి. నోటిలెక్కకు 18వ ఎక్కం చాలు. 36 అంటే 10 మీటర్లు, 54 అంటే 15, 72 అంటే 20, 90 అంటే 25, 108 అంటే 30. ఎటు గుణించాలో తికమకపడితే, సెకనుకు మీటర్ల అంకె ఎప్పుడూ చిన్నదని గుర్తుపెట్టుకోండి. అమెరికాలో నడిపేవాళ్లకు 5 మైళ్లు 8 కిలోమీటర్లు అనే లెక్క సరిపోతుంది: 65 మైళ్లంటే సుమారు 104 కి.మీ.

ఆగే దూరంలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, అడ్డం కనిపించినప్పటి నుంచి బ్రేకు పట్టేదాకా బండి అదే వేగంతో పోయే దూరం. దీనికి సెకనున్నర వేసుకోండి. 100లో అయితే 27.8 × 1.5, అంటే 41.7 మీటర్లు. రెండోది బ్రేకింగ్ దూరం. వేగాన్ని గంటకు కిలోమీటర్లలోనే ఉంచి వర్గం చేసి, 254తో భాగించి, వచ్చినదాన్ని ఘర్షణ గుణకంతో (రోడ్డు మీద టైరుకు ఎంత పట్టు ఉందో చెప్పే అంకె) భాగించాలి. పొడి తారురోడ్డుకు 0.7, తడి రోడ్డుకు 0.4 వేసుకోవచ్చు. 10,000 ÷ 254 ÷ 0.7 = 56.2. మొత్తం 98 మీటర్లు. తడిలో అదే 140.

254లో మీటర్లలోకి మార్పిడి ముందే కలిసి ఉంది. అందుకని సెకనుకు మీటర్ల అంకెను ఇందులో వర్గం చేయకూడదు. చేస్తే 100లో పోయే కారు నాలుగున్నర మీటర్లలోపే ఆగిపోయినట్టు వస్తుంది!

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. ఇరవయ్యేగా అనిపిస్తుంది. 120లో పొడి రోడ్డు మీద 50 + 81, మొత్తం 131 మీటర్లు కావాలి. ఇంకోలా చూడండి: 100లో వచ్చిన కారు ఆగిపోయిన 98వ మీటరు దగ్గర, 120లో వచ్చిన కారు ఇంకా గంటకు సుమారు 77 కి.మీ. వేగంతో ఉంటుంది. అసలు తేడా 33 మీటర్లలో కాదు, ఈ 77లో ఉంది.

వాలు ఉంటే గుణకాన్ని సవరించాలి. 6 శాతం దిగుడులో 0.06 తీసేయాలి, ఎక్కుడులో కలపాలి. తడి ఘాట్‌లో 40 వేగంతో దిగుతుంటే 1,600 ÷ 254 ÷ 0.34, అంటే బ్రేకింగ్ దూరమే పద్దెనిమిదిన్నర మీటర్లు. ఇది బ్రేకులు చల్లగా ఉన్నప్పటి మాట. తక్కువ గేరులో దిగకుండా బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది; అప్పుడు ఏ సూత్రమూ పనిచేయదు. వేసవి తర్వాత తొలి వాన కురిసిన రోడ్డు, ఇసుక, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు కూడా అంతే. అక్కడ లెక్క వేయకండి, నెమ్మదించండి.

సూత్రంలో బరువు లేదు కదా అని లారీకీ కారుకీ ఒకే దూరం అనుకోవద్దు. ఎయిర్ బ్రేకులో గాలి చేరి పట్టడానికి కొంత ఆలస్యమవుతుంది. దానికి అరసెకను వేసుకుంటే 60లోనే 8 మీటర్లు పెరుగుతాయి. బైకు మీద వెనక బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటుంటే గుణకాన్ని సగం వేసుకోండి: 60లో 20 మీటర్ల బ్రేకింగ్ 40 అవుతుంది. ఏబీఎస్ అనే బ్రేకు వ్యవస్థ, చక్రాలు బిగుసుకుపోకుండా చూసి హ్యాండిల్‌ను చేతిలో ఉంచుతుంది గానీ, గులకరాళ్ల మీద దూరాన్ని పెంచనూవచ్చు.

రోడ్డు కట్టేవాళ్లు మనకంటే జాగ్రత్తపరులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పందనకు రెండున్నర సెకన్లు, 100 వేగానికి గుణకం 0.35. అందుకే వాళ్లకు 180 మీటర్లు వస్తుంది. అలసటతో రాత్రిపూట నడిపేవాళ్లకు ఆ అంకే నయం.

స్పీడోమీటరు నిజమే చెబుతోందా అన్నది కిలోమీటరు రాళ్లతో తేల్చుకోవచ్చు. వేగం మార్చకుండా నడుపుతుంటే, పక్కన కూర్చున్నవాళ్లు రాయికీ రాయికీ మధ్య సెకన్లు చూడాలి. 3,600ను ఆ సెకన్లతో భాగిస్తే అసలు వేగం: 36 సెకన్లయితే 100, 45 అయితే 80. కంపెనీ ఇచ్చిన టైర్లు తీసి పెద్దవి వేయించిన బండిలో మీటరు తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి.

ఇక రాత్రి లెక్కను వెనక నుంచి వేయండి. డిమ్ లైట్లో 50 మీటర్లు కనిపిస్తోందనుకుంటే, అంతలో ఆగగలిగే వేగమెంత? పొడి రోడ్డు మీద 60లో 45 మీటర్లు పడుతుంది, సరిపోతుంది. తడిలో అదే వేగానికి 60 మీటర్ల పైన పడుతుంది, సరిపోదు. వేగం 50కి దిగితే మళ్లీ 45 మీటర్లే.