కెర్నెల్ పాఠాలు – 4: హద్దు దాటే బైట్లు

గత పాఠంలో లైనక్స్‌లోని ప్రాక్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్లలా చూపే చోటు) కింద ‘ఊరు’ అనే ఫైలు సృష్టించి ఖాళీగా వదిలేశాం. ఈసారి దాన్ని చదివినవారికి ‘తిరుపతి’ అన్న మాట, చివర ఒక కొత్త వరుస గుర్తు అందాలి.

ఆ ఫైలును ఎవరైనా చదివితే కెర్నెల్ పిలిచే మన రీడ్ ఫంక్షన్‌కు నాలుగు అందుతాయి: ఫైలు, యూజర్ బఫర్ (చదివే ప్రోగ్రామ్ కేటాయించుకున్న మెమరీ) చిరునామా, అడిగిన బైట్ల సంఖ్య, ఆఫ్‌సెట్ (ఎన్నో బైటు దాకా చదివారో చెప్పే లెక్క). చిక్కంతా రెండోదానితోనే. మెమరీని ఉన్నదున్నట్టు కాపీ చేసే మెమ్‌కాపీతో నేరుగా రాసేద్దామనిపిస్తుంది, రాయకండి. ఆ చిరునామా బయటివారిచ్చింది. పొరపాటుది కావచ్చు, కావాలనే కెర్నెల్ సొంత మెమరీని చూపేది కూడా కావచ్చు. కొండెక్కే బండి ఎవరిదైనా అలిపిరిలో తనిఖీకి ఆగాల్సిందే కదా, ఇక్కడ ఆ కాపలా కాపీ_టు_యూజర్ అనే కెర్నెల్ ఫంక్షన్‌ది. చిరునామా యూజర్ పరిధిలోనే ఉందని చూశాకే బైట్లు రాస్తుంది. మధ్యలో చెల్లని పేజీ (మెమరీ ముక్క) తగిలినా కెర్నెల్‌ను కూలనివ్వదు.

ఇది తిరిగిచ్చే విలువ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. సున్నా వస్తే అన్నీ చేరినట్టు. వేరే సంఖ్య వస్తే అది తప్పు సంకేతం కాదు, చేరకుండా మిగిలిన బైట్ల లెక్క. 22 పంపితే 5 వచ్చిందంటే చేరినవి 17. ఆ 5ను అలాగే రీడ్ ఫలితంగా ఇస్తే, అవతలి ప్రోగ్రామ్ అయిదు బైట్లు చదివానని నమ్ముతుంది. సున్నా కాకపోతే మైనస్ ఈఫాల్ట్ (చిరునామా చెల్లదని చెప్పే తప్పు సంకేతం) ఇచ్చేయండి.

22 ఎందుకంటే, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘తిరుపతి’లో గుణింతం గుర్తులతో కలిపి ఏడు సంకేతాలు, అంటే 21, కొత్త వరుసకు మరొకటి.

ఇక ఆఫ్‌సెట్. పంపినన్ని బైట్లు దానికి కలపాలి, అది 22కు చేరాక సున్నా ఇవ్వాలి. నేను మొదటిసారి కలపడం మరిచిపోయాను. ఫైలును తెర మీద చూపే క్యాట్ కమాండ్ కొట్టగానే తెర మీద తిరుపతి, తిరుపతి, తిరుపతి అంటూ మెట్లదారిలో గోవింద నామంలా ఆగకుండా సాగింది. కంట్రోల్-సీ కొడితే గానీ నిలవలేదు. ఈ లెక్కలన్నీ చూసుకునే సింపుల్_రీడ్_ఫ్రమ్_బఫర్ కెర్నెల్‌లోనే ఉంది, కానీ ఒక్కసారైనా చేత్తో రాశాకే దాన్ని వాడండి.

అభ్యాసం: ఫైలును కోరినన్ని బైట్ల ముక్కలుగా చదివే డీడీ కమాండ్‌తో పదేసి బైట్ల చొప్పున ‘ఊరు’ను చదవండి. ప్రోగ్రామ్ కెర్నెల్‌ను అడిగినవన్నీ చూపే ఎస్‌ట్రేస్‌లో ఆ ఫైలుకు నాలుగు రీడ్‌లు కనిపించాలి: 10, 10, 2, 0. మొదటి పది బైట్లలో ‘తిర’ పూర్తిగా వచ్చి, ఉకారం మూడో వంతు దగ్గర తెగుతుంది. అది తప్పు కాదు. కెర్నెల్‌కు అక్షరాలు తెలియవు.